గోరంత కార్డు, కొండంత నష్టం
మెమరీ కార్డుల కొనుగోలులో గమనించవలసిన సంగతులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: అంగడిలో ఎద్దును కొనే రైతు పళ్ళు లెక్కబెట్టి చూస్తాడు. మిర్చి కొనే వ్యాపారి బస్తాలో చేయి పెట్టి రంగు, తేమ చూస్తాడు. బియ్యం కొనే ఇల్లాలు నాలుగు గింజలు నోట్లో వేసుకుంటుంది. కాని సెల్‌ఫోనులో వేసుకునే మెమరీ కార్డు దగ్గరకు వచ్చేసరికి వీరెవరికీ పరీక్షించి చూసే వీలు లేదు. చేతిలోకి వచ్చేది గోరంత నల్లటి ముక్క. దాని మీద అచ్చయిన అంకె నిజమో కాదో కంటికి తెలియదు. దుకాణదారు చెప్పిన మాట, అట్ట మీది అక్షరాలు, ఇవే ఆధారం.

ఖరీదైన ఫోన్లలో కార్డు పెట్టే చోటే లేకుండా పోతున్నది గనుక ఈ కార్డుల కాలం చెల్లిందని పట్టణాలలో అనుకోవచ్చు. పల్లెల సంగతి వేరు. పొలం గట్టు మీద పాటలు వినిపించే కీప్యాడ్ ఫోను, ట్రాక్టరు మీది స్పీకరు, కిరాణం కొట్టు ముందు బిగించిన కెమెరా, పెళ్ళిళ్ళకు తిరిగే ఫోటోగ్రాఫరు కెమెరా, వీటన్నిటికీ కార్డు కావలసిందే. భూపాలపల్లి జిల్లాలోని పలిమెల, మహాముత్తారం, మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం వంటి అడవి మండలాలలో సిగ్నల్ అన్ని చోట్లా ఒకేలా అందదు. నెట్‌లో చూద్దాములే అనుకునే వీలు లేనిచోట కార్డులో వున్నదే చేతిలో వున్నట్లు.

కాగా ఈ కార్డులో ఈనాడు వుంటున్నవి సినిమా పాటలు మాత్రమే కావు. బిడ్డ పెళ్ళి ఫోటోలు, పోయిన తండ్రి గొంతు, పట్టాదారు పాసుపుస్తకం ఫోటో, ఆసుపత్రి చీటీలు, చదువుకునే పిల్లల పాఠాలు అన్నీ అందులోనే. ఒకనాడు ట్రంకు పెట్టెలో దాచినవి నేడు గోరంత ముక్కలో దాస్తున్నారు. ట్రంకు పెట్టెను ఎంచుకున్నంత జాగ్రత్తగానైనా ఈ ముక్కను ఎంచుకుంటున్నారా అన్నదే ప్రశ్న.

క్యాసెట్టు నుంచి కార్డు దాకా

కార్డులో ఎంత పడుతుందో తెలియాలంటే పాత క్యాసెట్టును గుర్తు చేసుకోవాలి. ఒక క్యాసెట్టు రెండు వైపులా కలిపి 60 లేక 90 నిమిషాలు పాడేది. రాత్రంతా సాగే ఒగ్గు కథను ఆరు గంటలు రికార్డు చేయాలంటే 90 నిమిషాల క్యాసెట్లు నాలుగు కావలసి వచ్చేవి. అదే కథను మామూలు ఎంపీ3 నాణ్యతలో కార్డులోకి ఎక్కిస్తే పట్టే చోటు 350 ఎంబీ లోపే. ఆ లెక్కన 32 జీబీ కార్డు ఒక్కదానిలో సుమారు 90 రాత్రుల కథ పడుతుంది. అంటే 360కి పైగా క్యాసెట్లు గోరు మీద నిలబడ్డాయన్న మాట.

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన ఒగ్గు కథ కళాకారుడు చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆ తరం కళాకారులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. తండాలలో తీజ్ పండుగకు ఆడపిల్లలు పాడే పాటలు, ముసలమ్మలు చెప్పే కథలు కూడా అంతే. వీటిని నేడు రికార్డు చేస్తున్నది ఊళ్ళలోని కుర్రవాళ్ళే, వారి ఫోన్లలోనే. ఆ ఫోనులోని కార్డు చెడిపోతే తిరిగి పాడించుకుందామన్నా పాడేవారు వుండరు. కార్డు ఎంపిక వంద రెండు వందల రూపాయల వ్యవహారం కాదని చెప్పేది ఇందుకే.

ఇక ఈ వస్తువు పుట్టుక: 1999లో జపానుకు చెందిన మత్సుషిటా, తోషిబా, అమెరికాకు చెందిన శాన్‌డిస్క్ కంపెనీలు మూడూ కలసి ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. ఫోన్లలో వేసే చిన్న మైక్రో ఎస్‌డీ కార్డు 2005లో ఈ వరుసలో చేరింది. దీని పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11, మందం 1 మిల్లీమీటరు. లోపల తిరిగే చక్రాలు, కదిలే భాగాలు ఏవీ లేవు. కరెంటు లేకపోయినా రాసినది నిలిచి వుండే ఫ్లాష్ మెమరీ, దానిని నడిపించే చిన్న చిప్పు, ఈ రెండే వుంటాయి. అసలు కార్డుకూ నకిలీకీ తేడా వచ్చేది ఈ రెండింటి దగ్గరే.

ముందు చూడవలసింది ఫోనును

సాధారణంగా కొనేవారు దుకాణానికి వెళ్ళి 'పెద్ద కార్డు ఇవ్వండి' అని అడుగుతారు. నిజానికి ముందు చూడవలసింది కార్డును కాదు, అది వెళ్ళి కూర్చునే ఫోనును. ప్రతి పరికరమూ ఇంత సైజు వరకే పట్టగలనని తన అట్టపెట్టె మీద గాని, వాడకం పుస్తకంలో గాని చెబుతుంది. అంతకు మించి పెట్టడం సోలెడు గిన్నెలో మానెడు పోయడమే.

కార్డులలో సైజును బట్టి జాతులు వున్నాయి. 2 జీబీ వరకు వున్నవి ఉత్త ఎస్‌డీ. అంతకు మించి 32 జీబీ వరకు వున్నవి ఎస్‌డీ హెచ్‌సీ. 32 జీబీ దాటి 2 టీబీ వరకు వున్నవి ఎస్‌డీ ఎక్స్‌సీ. ఈ మాటలు కార్డు మీదనే చిన్న అక్షరాలలో వుంటాయి. చాలా కీప్యాడ్ ఫోన్లు, పాత స్పీకర్లు హెచ్‌సీ వరకే, అంటే 32 జీబీ వరకే చదవగలవు. 64 జీబీ కార్డులు వేరే పద్ధతిలో ఫార్మాట్ అయి వస్తాయి. ఆ పద్ధతి పాత పరికరానికి తెలియదు. అటువంటప్పుడు కార్డు మంచిదే, ఫోనూ మంచిదే, రెండింటికీ పొత్తు కుదరదు. కొన్నవారు మాత్రం కార్డు చెడిందని దుకాణదారుతో తగువు పెట్టుకుంటారు.

స్మార్ట్‌ఫోనులో మరొక చిక్కు వుంది. కొన్ని ఫోన్లలో రెండవ సిమ్ముకూ, కార్డుకూ కలిపి ఒకే అర వుంటుంది. కార్డు పెట్టాలంటే ఒక సిమ్ము తీసేయాలి. ఒక సిమ్ము బ్యాంకుకు, మరొకటి మాట్లాడటానికి వాడుకునేవారు ఈ సంగతి ముందే చూసుకోవాలి. ఇంకా కొన్ని ఫోన్లలో కార్డుకు చోటే వుండదు. కొత్త ఫోను కొనేనాడే ట్రే బయటకు తీయించి చూడటం మేలు.

అచ్చులోని గుర్తుల అర్థం

కార్డు మీద సైజు గాక మరికొన్ని చిన్న గుర్తులు వుంటాయి. అవి వేగానికి సంబంధించినవి. 'సి' అక్షరం వంటి గుండ్రని గీత లోపల 10 అని వుంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని అర్థం. 'యు' అక్షరం వంటి గుర్తులో 1 వుంటే అదే 10 ఎంబీ, 3 వుంటే 30 ఎంబీ. 'వి 30' అన్నా కనీసం 30 ఎంబీయే. ఇవి వీడియో తీసేవారికి ముఖ్యం. 'ఏ 1', 'ఏ 2' అన్న గుర్తులు ఫోనులోని యాప్‌లను కార్డు మీద నుంచి నడిపించడానికి సంబంధించినవి. అట్ట మీద పెద్ద అక్షరాలలో '100 ఎంబీ', '150 ఎంబీ' అని అచ్చు వేసేది చదివే వేగం, అదీ అత్యధికంగా ఎంత అన్నది. రాసే వేగం కనీసం ఎంత అన్నది ఈ చిన్న గుర్తులే చెబుతాయి.

అయితే ఎవరికి ఏది? పాటలు, కథలు వినడానికి కీప్యాడ్ ఫోనులోనో స్పీకరులోనో వేసేవారికి పేరున్న కంపెనీ 16 లేక 32 జీబీ కార్డు, పది నంబరు గుర్తు వున్నది చాలు. అంతకు మించి ఖర్చు పెట్టడం వృథా. స్మార్ట్‌ఫోనులో ఫోటోలు, వీడియోలు దాచుకునేవారికి 64 లేక 128 జీబీ, 'యు 1', 'ఏ 1' గుర్తులు వున్నది సరిపోతుంది. పెళ్ళి వీడియోలు తీసేవారు 'యు 3' లేక 'వి 30' కంటే తక్కువది కొనకూడదు. వేగం చాలని కార్డు తలంబ్రాల వేళకు వీడియోను మధ్యలో ఆపేస్తే తప్పు కెమెరాదని అనుకుంటారు.

కొట్ల ముందు, బావుల దగ్గర బిగించే కెమెరాల సంగతి పూర్తిగా వేరు. ఫోనులోని కార్డు రోజుకు పది ఫోటోలు రాసుకుంటే కెమెరాలోని కార్డు 24 గంటలూ రాస్తూనే వుంటుంది. సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన చూసినా రోజుకు 21 జీబీకి పైగా అవుతుంది. 64 జీబీ కార్డు మూడు రోజులలో నిండి, పాతది చెరిపి మళ్ళీ మొదటి నుంచి రాసుకుంటుంది. ఏడాదిలో 120 సార్లు చెరిపి రాయడమంటే మాటలు కాదు. ఫ్లాష్ మెమరీకి ఇన్నిసార్లే రాయవచ్చునన్న పరిమితి వుంది. అందుకని ఇటువంటి కెమెరాలకు 'హై ఎండ్యూరెన్స్' అని అచ్చయిన కార్డులు ప్రత్యేకంగా వస్తున్నాయి. కొంత ధర ఎక్కువైనా అవే వేయాలి. దొంగతనం జరిగిన నాడు తెరచి చూస్తే కార్డు ఎన్నడో చచ్చి వుందని తేలితే ఆ కెమెరా వున్నా లేనట్లే.

64 కొంటే 59 ఎందుకు?

కొత్త కార్డు పెట్టగానే 64 జీబీకి బదులు 59 అని, 32కు బదులు 29 అని కొన్ని ఫోన్లు చూపుతాయి. మోసపోయామని చాలామంది అనుకుంటారు. ఇది మోసం కాదు. కార్డు చేసేవారు వెయ్యి చొప్పున లెక్క కడతారు. కొన్ని ఫోన్లు, కంప్యూటర్లు 1024 చొప్పున లెక్క కడతాయి. సరుకు ఒకటే, తూకపు రాళ్ళు వేరు. అయితే 64 అని కొన్నది 59కి బదులు 29 చూపితే అప్పుడు అనుమానించాలి.

అసలు మోసం ఎక్కడ వుంది?

అసలు మోసం ఇంత తేలికగా బయటపడేది కాదు. నకిలీ కార్డు తయారు చేసేవారు 4 లేక 8 జీబీ మెమరీ మీద కూర్చున్న చిప్పుకు అబద్ధం నేర్పుతారు. ఎవరు అడిగినా తాను 128 జీబీ అనే చెబుతుంది. ఫోనులో పెడితే ఫోనూ నమ్మి 128 అనే చూపుతుంది. మొదట ఎక్కించిన పాటలు పాడతాయి, ఫోటోలు కనిపిస్తాయి. నెలా రెండు నెలలు గడిచి, అసలు చోటు నిండిన తరువాత కథ మొదలవుతుంది. కొత్తగా ఎక్కినవి పాతవాటిని తొక్కివేస్తాయి, లేదా పేరుకు మాత్రం వుండి తెరిస్తే ఖాళీగా వుంటాయి. అడుగు లేని కుంచంతో వడ్లు కొలిచినట్లు ఎంత పోసినా పడుతున్నట్లే వుంటుంది, కల్లంలో మాత్రం మిగలదు.

కల్తీ విత్తనం సంగతి ఈ ప్రాంతపు పత్తి, మిర్చి రైతులకు తెలియనిది కాదు. సంచి మీద అచ్చు బాగానే వుంటుంది, మొలకా వస్తుంది, కాపు దగ్గరకు వచ్చేసరికి మోసం బయటపడుతుంది. అప్పటికి బిల్లు వుండదు, అమ్మినవాడు ఒప్పుకోడు. నకిలీ కార్డు కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది. తేడా ఒక్కటే, పంట పోతే మరుసటి ఏడు వేసుకోవచ్చు, పోయిన ఫోటో మళ్ళీ రాదు.

దీనిని పసిగట్టే మార్గాలు లేకపోలేదు. మొదటిది ధర. అదే కంపెనీ, అదే సైజు కార్డును రెండు మూడు దుకాణాలలో అడిగి చూడాలి. ఒకచోట సగం ధరకే ఇస్తున్నారంటే సంతోషించవలసింది కాదు, ఆగవలసింది. '1 టీబీ' కార్డును రెండు మూడు వందలకే ఇస్తామని జాతరలో గాని, ఫోనులోని ప్రకటనలో గాని చెబితే అది నకిలీ అనడానికి వేరే పరీక్ష అక్కరలేదు.

రెండవది అట్ట. ప్యాకెట్టులో అమ్మే సరుకు మీద తయారుదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు వుండాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అక్షర దోషాలు వున్నా, చిరునామా లేకపోయినా, విడిగా కాగితంలో చుట్టి ఇచ్చినా తీసుకోకపోవడమే మంచిది.

మూడవది, అన్నిటికంటే నమ్మదగినది, నింపి చూడటం. కొన్న రోజే కార్డును దాదాపు నిండా పెద్ద పెద్ద వీడియోలతో నింపాలి. తరువాత మొదట ఎక్కించినవి, మధ్యవి, చివరివి తెరచి చివరిదాకా నడుస్తున్నాయో లేదో చూడాలి. ఇంట్లో కంప్యూటరు వున్న విద్యార్థులైతే 'హెచ్2టెస్ట్‌డబ్ల్యూ' అనే ఉచిత ప్రోగ్రాముతో ఈ పరీక్ష పూర్తిగా చేయవచ్చు. అది కార్డు నిండా రాసి, తిరిగి చదివి అసలు చోటు ఎంతో చెబుతుంది. పెద్ద కార్డుకు కొన్ని గంటలు పట్టినా ఒక్కసారి చేసే పని ఇది. పరీక్షలో నెగ్గిన తరువాతనే విలువైనవి అందులో పెట్టాలి.

వరదలు చెప్పిన పాఠం

2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి సమీపంలోని మోరంచపల్లి నీట మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి వారిని బయటకు తెచ్చాయి. మరుసటి ఏడు ఆగస్టు నెలాఖరు, సెప్టెంబరు ఒకటి నాటి వానలకు మహబూబాబాద్ జిల్లాలో వాగులు కట్టలు తెంచుకున్నాయి. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. ఇటువంటి వేళ ఇంట్లోని కాగితాలు, బట్టలు, ధాన్యం ఏదీ చేతికి అందదు. జేబులో వున్న ఫోనే మిగులుతుంది, ఒక్కొక్కసారి అదీ మిగలదు.

ఫోను నీటిలో పడినా అందులోని కార్డు బతికి బయటపడే అవకాశం వుంది. చాలా కంపెనీలు తమ కార్డులు నీటిని తట్టుకుంటాయని చెబుతున్నాయి. తడిసిన ఫోనును ఆన్ చేయకుండా కార్డు బయటకు తీసి, మంచినీటితో బురద కడిగి, నీడలో బాగా ఆరనిచ్చిన తరువాతనే మరొక పరికరంలో పెట్టి చూడాలి. పొయ్యి దగ్గర, మండుటెండలో ఆరబెట్టకూడదు.

ఇక్కడే ఒక సెట్టింగు విషయం తెలిసి వుండటం అవసరం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లు కార్డు పెట్టగానే 'ఫోను మెమరీగా వాడాలా, విడి కార్డుగా వాడాలా' అని అడుగుతాయి. ఫోను మెమరీగా చేస్తే ఆ కార్డును ఆ ఫోను తప్ప మరేదీ చదవలేదు. ఫోను చచ్చిపోతే కార్డు మంచిదైనా అందులోనివి దక్కవు. కనుక ఫోటోలు దాచుకునేవారు విడి కార్డుగానే వాడుకోవాలి. అయితే విడి కార్డుకు ఫోను తాళం వర్తించదు. దారిలో పోయినా, మరమ్మతుకు ఇచ్చినా ఎవరైనా తీసి చూడవచ్చు. ఫోను బాగుచేయడానికి ఇచ్చేముందు కార్డు తీసి దగ్గర వుంచుకోవడం, ముఖ్యంగా ఆడవారు, మరవకూడని జాగ్రత్త. ఆధారు, బ్యాంకు కాగితాల ఫోటోలు కార్డులో వదలివేయడం కూడా మంచిది కాదు.

మరొక పొరపాటు సర్వసాధారణం. కార్డు పెట్టాం గదా, వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలన్నీ అందులోకే పోతున్నాయని అనుకుంటారు. అవి ఫోను లోపలి మెమరీలోనే వుంటాయి. మనం చేతితో కార్డులోకి మార్చితేనే మారుతాయి.

అన్నిటికీ మించి, ఎంత మంచి కార్డైనా శాశ్వతం కాదు. వాడుతున్న కొద్దీ అరుగుతుంది. ఏళ్ళ తరబడి వాడకుండా మూల పడేసినా అందులోనివి చెరిగిపోవచ్చు. కనుక విలువైనది ఏదైనా రెండు చోట్ల వుండాలి. ఒకటి కార్డులో, మరొకటి బంధువుల కంప్యూటరులోనో, ఇంటర్నెట్ ఖాతాలోనో, కనీసం మరొక ఊరిలో వున్న అన్నదమ్ముల దగ్గరి రెండవ కార్డులోనో వుంచాలి. రెండూ ఒకే ఇంట్లో వుంటే వాగు రెండింటినీ తీసుకుపోతుంది. పొరపాటున ఫోటోలు చెరిగిపోతే ఆ కార్డును వెంటనే వాడటం ఆపాలి, ఫార్మాట్ చేయకూడదు. మీద కొత్తవి రాయనంత వరకు తిరిగి తీయగల అవకాశం వుంటుంది.

కొన్నవారికి దిక్కెవరు?

నకిలీ కార్డు తగిలితే చాలామంది 'పోనీలే, రెండు వందలే గదా' అని ఊరుకుంటున్నారు. ఆ ఊరుకోవడమే నకిలీ వ్యాపారానికి పెట్టుబడి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం కొన్నవారు తాము నివసించే చోటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సరుకు ఎక్కడో దూర నగరంలోని దుకాణం నుంచి పోస్టులో వచ్చినా సరే. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. గడువు రెండేళ్ళు. అంతకంటే ముందు జాతీయ హెల్ప్‌లైను 1915కు ఫోను చేసి సంగతి చెప్పుకోవచ్చు. వీటన్నిటికీ ఆధారం ఒక్కటే, బిల్లు. బిల్లు అడిగితే ధర పెరుగుతుందని దుకాణదారు అంటే, ఆ సరుకు మీద అతనికే నమ్మకం లేదని గ్రహించాలి.

దుకాణదారులందరినీ దోషులనడం న్యాయం కాదు. టోకు వ్యాపారి ఇచ్చిన సరుకును నమ్మి అమ్మి, ఊరిలో మాట పోగొట్టుకునేవారూ వుంటారు. వారు కూడా పెట్టెకొక కార్డును నింపి చూసి అమ్మితే పేరు నిలుస్తుంది. ఇక కొత్త సినిమా పాటలను వందలకొద్దీ కార్డులలోకి ఎక్కించి అమ్మడం 1957 నాటి కాపీరైటు చట్టం కింద నేరమని, జైలు శిక్ష కూడా వుందని పాటలు ఎక్కించే దుకాణాలవారు గుర్తించాలి. ఒగ్గు కళాకారుల కథలైనా వారి అనుమతి తీసుకుని, వారికి దక్కవలసినది ఇచ్చి పంచుకోవడమే మర్యాద.

తూనికలు, కొలతల శాఖవారు ఏటా కాంటాలకు ముద్ర వేస్తారు, రాళ్ళు సరిచూస్తారు. వడ్ల తూకంలో కిలో తగ్గితే పల్లె అంతా కదులుతుంది. 128 అని అచ్చు వేసి 8 ఇచ్చే సరుకు కూడా కొలతలో మోసమే. అధికారులు పట్టణాలలోని దుకాణాలలో, జాతరలలో ఈ ప్యాకెట్లను కూడా తనిఖీ చేయవలసి వుంది. ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు తెలిసిన విద్యార్థుల చేత నెలకొకసారి ఊరివారి కార్డులను పరీక్షింపజేస్తే ఖర్చు లేకుండానే ఎంతో మేలు జరుగుతుంది.

అంతవరకు కొనేవారి జాగ్రత్తే కొనేవారికి రక్ష. ఫోను ఎంత పడుతుందో చూడండి, అవసరానికి తగిన గుర్తు చూడండి, బిల్లు తీసుకోండి, ఆ రోజే నింపి చూడండి, విలువైనది రెండు చోట్ల దాచండి. ఎద్దు పళ్ళు లెక్కబెట్టడం తెలిసిన రైతుకు ఇది పెద్ద విద్య కాదు.